రాతి వెనుక తెల్లగీత

దారి చూపెడి దైవమా ధరణి మీద
తప్పి నడిచెడు పాదాల దరికిఁ జేర్చి
మంచు కమ్మిన కనులకు మార్గమగుచు
నిలుము మాముందు వెలుఁగువై నీవె దేవ.

అని స్వామికి మ్రొక్కి, ఆయన సన్నిధికి కాలినడకన బయలుదేరిన ఒక పనివాని కథ చెప్పబోతున్నాను. క్షేత్రం చేరడానికి ఆరు రోజుల నడక. ఈ కథ అందులో నడుమ రోజులది.

రెండవనాటి మధ్యాహ్నానికే రంగుల మేస్త్రీ ఎవరో ఆ ఏడుగురి గుంపులో తెలియనివారు లేకపోయారు. తెలియకుండా ఉండే అవకాశం ఆయన అక్క ఎవరికీ ఇవ్వలేదు. దారి పక్కన నూరడుగులకు ఒక రాయి. రాతి మీద జానెడు పొడవున, రెండు వేళ్ళ వెడల్పున ఒక తెల్లగీత. ఆ గీత కనబడగానే ఆవిడ ఆగేది, చేతికర్రతో దాన్ని మెల్లగా తట్టేది.

"ఇదీ మా తమ్ముడు వేసిందే. చూడండి, పెచ్చు లేచిందేమో. రెండేళ్ళ వానలు తిన్న గీత."

గుంపుకు ముందు నడుస్తున్న రిటైరైన బడిపంతులు, ఎవరూ అడగకపోయినా వేళ చెబుతూ ఉండటం వల్ల గంటల మాస్టారనిపించుకున్నాయన, వెనక్కి తిరిగి నవ్వాడు. "అమ్మా, పొద్దుటినుంచి నూట ముప్పై గీతలు చూపించారు. నూట ముప్పై ఒకటోది వేరే ఎవరైనా వేసుండకూడదా?"

"మీ బళ్ళో పాసైన పిల్లలందర్నీ నా శిష్యులే అని మీరు చెప్పుకోలేదూ? తప్పినవాళ్ళ సంగతి మేం అడిగామా?"

అందరూ నవ్వారు. మేస్త్రీ మాత్రం నవ్వీ నవ్వనట్టు పెదవులు కదిపి, భుజానికి తగిలించుకున్న సంచీని ముందుకు లాక్కున్నాడు. సంచీలో దుప్పటి మడతల మధ్య అరలీటరు తెల్లరంగు డబ్బా ఉంది. నడుస్తుంటే అది ప్రతి అడుగుకూ తుంటికి తగిలి తన ఉనికి చెబుతూనే ఉంది.

ఈ రెండు రోజుల దారిలోని గీతలను చూసుకోవడానికి ఆయనకు సిగ్గు లేదు. తీగబ్రష్షుతో నాచు గోకి, గుడ్డతో దుమ్ము తుడిచి, రాయి రంగును పీల్చుకునేందుకు ముందొక పలుచని పూత పూసి, అది ఆరాక చిక్కని పూత వేసిన గీతలవి. ఒక్కొక్క గీత చివర, బ్రష్షు పైకి ఎత్తేటప్పుడు పడే చిన్న తోక ఆయన చేతి వాటం. పని తెలిసినవాడు చూస్తే సంతకంలా గుర్తుపట్టగలడు. భయమల్లా రేపటి దారితోనే.

సాయంకాలం సత్రం చేరి అరుగు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ ఉండగా, సత్రం చూసుకునే ముసలాయన టీ గ్లాసులు తెచ్చిపెట్టి, గడ్డంతో కొండవైపు చూపించి అన్నాడు:

"రేపు గట్టు మీద జాగ్రత్త. ఈ నెలంతా పొద్దున్నే మంచు దిగుతోంది. బండరాయి దగ్గర దారి రెండవుతుంది. కుడివైపుది వెడల్పుగా, నున్నగా ఉంటుంది, కాళ్ళు వాటంతటవే అటు పోతాయి. అది పాత రాతిగని దారి. పోయినేడు ఒకాయన తిన్నగా వెళ్ళి గుంటలో పడ్డాడు."

"పోయాడా?" అంది మాస్టారి భార్య.

"ప్రాణం దక్కింది. తుంటి విరిగింది. రెండు చంకల్లో కర్రలు పెట్టుకుని నడుస్తున్నాడని విన్నాను."

"దారికి గీతలుండాలి గదా," అన్నాడు మాస్టారు.

"ఈ దారి బాగోగులు చూసే యాత్రికుల సంఘం వాళ్ళనడిగితే ఉన్నాయనే అంటారు. నేను కొండెక్కి పదేళ్ళైంది, నాకేం తెలుసు."

మేస్త్రీ చేతిలోని గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. అక్క అరుగు అటు చివరనుంచి, ఇందులో ఆలోచించేదేముందన్నట్టు అంది:

"గీతలుండగా పడ్డాడంటే ఆయన చూసుకోలేదన్నమాట. మా తమ్ముడు రాయి వదిలే మనిషి కాదు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ తమ్ముడివైపు చూడనైనా చూడలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందని చెప్పేవాళ్ళు తూర్పుకేసి చూడనక్కరలేదు కదా.

మేస్త్రీ టీ కింద పెట్టి పెరట్లోకి వెళ్ళాడు. తొట్టి దగ్గర నిలబడి కడిగిన చేతులనే మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు. రాయి వదిలే మనిషి కాదు. నిజమే, ఒక్క రాయీ వదలలేదు. సంఘంవారి మోటారు బండి రంగు డబ్బాలను క్షేత్రం దగ్గర దించిపోయింది గనుక, ఆయన ఆ చివరనుంచి మొదలుపెట్టి ఈ చివరకు గీతలు వేసుకుంటూ వచ్చాడు. నడుస్తున్నవాడికి ఎదురుగా రాతి ఏ ముఖం కనబడితే ఆ ముఖం మీదే వేశాడు. తాను నడిచేది యాత్రికులకు ఎదురుదిశలో అన్న సంగతి నాలుగు రోజుల నడక దారికి గీతలు వేసేదాకా తట్టలేదు. గట్టు దిగాక, కట్టెలమోపుతో పోతున్న ఒకామె "ఈ గీతలు వెళ్ళేవాళ్ళకా, తిరిగొచ్చేవాళ్ళకా?" అని అడిగితే చేతిలోని బ్రష్షు అక్కడే నిలిచిపోయింది. ఆ రోజునుంచి సరైన ముఖం మీదే వేశాడు. వెనుక మిగిలినవి మళ్ళీ వెళ్ళి వేద్దామనుకున్నాడు. వాన పట్టింది. తనిఖీకి వచ్చినాయన బండి దిగకుండా మొదటి పది రాళ్ళు చూసి సంతకం పెట్టేశాడు. తక్కిన దారంతా రెండు రాతిగోడల నడుమ పోయేదే, తప్పడానికి వీలు లేనిదే. ఒక్క బండరాయి దగ్గర తప్ప.

రేపు తెల్లవారకముందే లేవాలి, అందరికంటే ముందు బండరాయి చేరాలి, ఈ వైపు గీత వేసెయ్యాలి. అక్క వచ్చేసరికి గీత ఉండాలి. అంతే. ఆ తుంటి విరిగిన మనిషి సంగతి ఆలోచించబోయి, ఆలోచించలేక, తొట్టిలో ముఖం ముంచుకున్నాడు.

కంటిమీదికి కునుకు రానివాడికి ఒక చిక్కు ఉంది. అది వచ్చేది లేవవలసిన వేళకే. మేస్త్రీ ఉలిక్కిపడి లేచేసరికి కిటికీ బూడిదరంగున ఉంది. బయట మంచు. ఎదురుగోడ మీది మేకులు కూడా కనబడనంత మంచు. గుంపంతా దుప్పట్లలో ఉంది. అక్క పడుకున్నచోట మాత్రం దుప్పటి చక్కగా నాలుగు మడతలు వేసి ఉంది.

గుమ్మం దగ్గర ముసలాయన పొయ్యి రాజేస్తున్నాడు.

"మా అక్క ఏదండీ?"

"వెళ్ళి అరగంట పైనే అయింది. మోకాళ్ళ నొప్పి, మెల్లగా నడిచేదాన్ని, వీళ్ళకి అడ్డం కాకూడదు, ముందు బయల్దేరతానంది. మంచులో ఒంటరిగా ఎందుకమ్మా అన్నాను. మా తమ్ముడి గీతలున్నాయి, నాకు తోడెందుకయ్యా అని నన్నే కసిరింది."

మేస్త్రీ చెప్పులైనా సరిగా తొడుక్కోలేదు. సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాడు.

యాభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు, ఎత్తు దారి. కొంచెంసేపటికే ఊపిరి ఈలలా వినబడసాగింది. మంచు ముందు పది అడుగుల మేరకే దారి ఇస్తూ, వెనుక మళ్ళీ మూసుకుంటూ వస్తోంది. రాయి ఒక్కొక్కటీ మంచులోంచి మనిషిలా నిలబడి ఎదురయ్యేది. ముఖం బోడి. గీత లేదు. దాటి నాలుగడుగులు వేశాక, వద్దనుకుంటూనే వెనక్కి తిరిగి చూసేవాడు. తెల్లగా, నున్నగా, తోకతో సహా గీత ఉండేది. ఇంకొక రాయి, మళ్ళీ అదే. కొంతదూరం పోయేసరికి వెనుకనున్న గీతలన్నీ తన వీపుకేసి చూస్తున్నట్టనిపించి తిరగడం మానేశాడు. మానేసినా ఆ చూపు మాత్రం మెడ మీద ఆనుతూనే ఉంది.

"అక్కా" అని పిలిచాడు. మంచు ఆ పిలుపును దూదిలా పీల్చుకుంది.

ఆవిడ ఏం చేస్తూ ఉంటుందో ఆయనకు తెలుసు. రాయి కనబడితే ఆగుతుంది. గీత కోసం తడుముతుంది. కనబడకపోతే, తన కళ్ళదే లోపమనుకుంటుంది. తమ్ముడిని మాత్రం అనుమానించదు. ఆ నమ్మకమే ఆవిడను ముందుకు తోస్తుంది. ఈ ఆలోచన రాగానే మేస్త్రీ గోడకు చెయ్యి ఆనించుకుంటూ ఇంకా జోరుగా నడిచాడు.

గోడ అయిపోయింది. బండరాయి వచ్చింది. రొమ్ము ఎత్తున, ఏనుగు వీపులా నల్లగా, నీరు కారుతూ. ఎడమవైపు సన్నని కాలిబాట వాగులోకి దిగుతోంది. కుడివైపు బండ్లు తిరిగిన పాతదారి, వెడల్పుగా, మెత్తగా. మేస్త్రీ వంగి నేల చూశాడు. తడిమట్టిలో అడుగు అడుగుకూ పక్కన ఒక గుండ్రని గుంట. చేతికర్ర చివరి ఇనుప పొన్ను దిగిన గుంటలు. అవి బండరాయి ముందు ఒకసారి తచ్చాడి, కుడివైపుకు వెళ్ళాయి.

తర్వాత ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. గుంటలను చూస్తూ వంగి వంగి నడిచాడు. ఒకచోట రెండు గుంటలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఆవిడ అలసి నిలబడి ఉంటుంది. నలభై అడుగుల తర్వాత నేల రాయిగా మారింది. గుంటలు కనబడటం ఆగిపోయింది. ఎక్కడో కింద, చాలా కింద, నీటిచుక్క ఒకటి పడిన చప్పుడు, దాని వెంట దాని మారుమోత. రాతిగని గుంట లోతు ఎంతో ఆ మారుమోత చెప్పింది. నేలను కాలితో తడుముతూ ఇంకో అడుగు వేయబోయాడు.

"ఆగు. అక్కడే ఆగు. కాలు కదపకు."

అక్క గొంతు కాదు. మంచులోంచి ఒక నడివయసు ఆడమనిషి వచ్చింది. మోకాళ్ళ దాకా ఎగగట్టిన చీర, నెత్తిన గోనెపట్టా, వేళ్ళకు చుట్టుకున్న రబ్బరు గొట్టం ముక్కలు. కంకర కొట్టేవాళ్ళు సుత్తిదెబ్బ తగలకుండా చుట్టుకునేవవి. ఒక చేత్తో ఆమె అక్క మోచేతిని, చంటిపిల్లను పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుని ఉంది.

"ఈవిడ నీ మనిషేనా?" అంది. "ఇంకో పదడుగులు వేసుంటే నేను కూడా ఏం చెయ్యలేకపోదును. మంచు రోజుల్లో చీకటి విడవకముందే వచ్చి ఆ బండ దగ్గర నిలబడతాను. నాకంటే ముందు ఏ యాత్రికుడూ ఇంతవరకు లేవలేదు. ఈవిడ లేచింది."

అక్క పెదవులు నీలంగా ఉన్నాయి. తమ్ముణ్ణి చూసి, తల తిప్పి, తను వచ్చినవైపు చూసింది.

"గీత కనబడలేదురా. నా కళ్ళద్దాలకి మంచు పట్టిందనుకున్నా," అంది.

ముగ్గురూ బండరాయి దగ్గరకు తిరిగి వచ్చేసరికి గుంపు కూడా చేరుకుంది. గంటల మాస్టారు ఈసారి వేళ చెప్పలేదు. ఆయన భార్య అక్కను కూర్చోబెట్టి శాలువా కప్పింది. జరిగినది విన్నాక అందరి చూపూ బోడిగా ఉన్న రాతిముఖం మీదికి పోయింది.

"రెండుసార్లు సంఘానికి చెప్పించాను," అంది కంకర కొట్టే ఆమె. "గీతలున్నాయిగా అన్నారు. ఉన్నాయి మరి, ఎవరు కాదన్నారు. ఇటు రండి, చూద్దురుగాని."

ఆమె వెంట అందరూ రాయి చుట్టూ తిరిగి ఆవలి పక్కకు వెళ్ళారు. అక్క కూడా లేచి వెళ్ళింది. అక్కడ తెల్లగీత ఉంది. దాని కింద, ఎడమబాటకేసి చూపే బాణం గుర్తు.

"ఎంత శుభ్రంగా వేశాడో చూడండి. పనివాడే. కానీ అవతలినుంచి వేసుకుంటూ వచ్చినట్టున్నాడు, పోయేవాళ్ళకి వెనకపడిపోయింది. పోయినేడు ఆ యాత్రికుడు పడ్డ రోజున కేక విని గుంటలోకి దిగింది నేనే. బయటికి చేర్చాక వచ్చి ఈ గీత చూసి, ముందు తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది. ఇంత నున్నగా వేసేవాడు ఇలా సగంలో వదిలెయ్యడు గదా. రెండో వైపు వెయ్యడానికి వద్దామనే అనుకునుంటాడు. ఈలోగా పోయుంటాడు పాపం."

"పోవడమేమిటి?" అంది మాస్టారి భార్య.

"చచ్చిపోయుంటాడమ్మా. ఇంకేం కారణముంటుంది? సగం పని మిగిలిపోయినవాడికి అక్కడ కూడా నెమ్మది ఉండదు. అందుకే రోజూ ఇక్కడ నిలబడ్డప్పుడు, ఆ గీతల మనిషిని చల్లగా చూడు స్వామీ, ఆయన మిగిల్చింది నేను చూసుకుంటున్నాలే, అని అడుగుతుంటాను."

అక్క కళ్ళద్దాలు తీసి చీరచెంగుతో తుడిచి పెట్టుకుంది. వంగి, గీత చివరనున్న చిన్న తోకను వేలితో ఒకసారి రాసింది. రెండు రోజులుగా వందల రాళ్ళ మీద మురిపెంగా చూసిన తోక. ఆవిడ నిటారుగా నిలబడింది గాని తమ్ముడివైపు తిరగలేదు.

గంటల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆయన మంచివాడు. మంచితనంతోనే అన్నాడు: "మేస్త్రీగారూ, ఈ గట్టు మీది భాగం వేరే ఎవరికో ఇచ్చుంటారు సంఘంవాళ్ళు. మీరు వేసింది కింది రెండు రోజుల దారే అనుకుంటాను."

తలుపు తెరిచి ఉంది. ఔనంటే చాలు. ఆ గీతల మనిషి చచ్చిపోయినవాడుగా, మంచివాడుగా మిగిలిపోతాడు. అతని కోసం రోజూ ఒకరు స్వామిని అడుగుతారు. సాయంత్రానికి గుంపు తరువాతి సత్రం చేరుతుంది. కాదంటే మాత్రం తాను ఎదుటివారి కళ్ళలోకి చూడగలిగేది ఇదే ఆఖరిసారి అని మేస్త్రీకి తోచింది. గుంట అంచున పడిన భయం కంటే ఇది పెద్దదిగా ఉంది.

"నేనే వేశాను," అన్నాడు.

"ఏది?" అంది కంకర కొట్టే ఆమె.

"ఈ గీత. ఇక్కడినుంచి క్షేత్రందాకా అన్నీ. నేనే."

ఆమె ఆయనను కిందినుంచి పైదాకా చూసింది, బతికున్నాడో లేదో తేల్చుకుంటున్నట్టు.

"మరి ఎందుకు రాలేదయ్యా?"

"వాన పట్టింది. తర్వాత సంతకమైపోయింది. ఎవరూ అడగలేదు."

"అంతేనా?"

"అంతే."

ఇంకేదైనా చెబుతాడేమోనని ఆమె కాసేపు ఆగింది. జబ్బో, ఇంట్లో చావో, ఏదో ఒకటి. ఆమె ముఖం మెల్లగా మూసుకుపోయింది. గోనెపట్టా సర్దుకుని పక్కకు జరిగింది.

మేస్త్రీ సంచీ విప్పి డబ్బా తీశాడు. మూత లేపి, రాతి ఈవలి ముఖం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచెయ్యి రాతికి ఆనించి కొంతసేపు ఉంచాడు. మళ్ళీ మూత పెట్టేశాడు.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు.

"లోపలిదాకా తడిసిందండీ. ఇప్పుడు వేస్తే వారంలో పొరలా లేచిపోతుంది. రెండెండలైనా తగలాలి."

అక్క చేతికర్ర అందుకుంది. "అయితే రెండెండలు తగిలేదాకా ఉండు."

"అక్కా, నువ్వు ఒంటరిగా..."

"ఒంటరిగానా? ఒంటరిగా నడిచింది ఇందాక." ఆవిడ ఎడమబాటకేసి రెండడుగులు వేసి ఆగింది. "అక్కడ నీ పేరు చెప్పి నేను మొక్కను. ఎన్నాళ్ళకైనా సరే, వచ్చి నువ్వే మొక్కుకో."

ఎడమబాటన ఆరుగురూ దిగి మంచులో కలిసిపోయారు. పొన్ను రాళ్ళకు తగిలే చప్పుడు చాలాసేపు వినబడింది. ఆ చప్పుడులో ఎక్కడా రాయి తట్టి ఆగిన జాడ లేదు.

"నీ పనికి నువ్వు వెళ్ళమ్మా," అన్నాడు మేస్త్రీ. "మంచు విడిచేదాకా నేనుంటాను."

ఆమె వెళ్ళడానికి వెంటనే ఒప్పుకోలేదు. దూరంగా ఒక రాతి మీద కూర్చుని చూసింది. రెండు గుంపులు వచ్చాయి. ఆయన కుడిదారికి అడ్డంగా నిలబడి, చేతులు చాచి, అందరినీ ఎడమకు పంపాడు. మూడవ గుంపు వెళ్ళాక చూస్తే ఆ రాతి మీద ఎవరూ లేరు. కిందినుంచి సుత్తిచప్పుడు మొదలైంది.

ఆ రోజు ఎండ రాలేదు. మరునాడూ రాలేదు. మేస్త్రీ సాయంకాలం సత్రానికి దిగివచ్చి, చీకటి విడవకముందే మళ్ళీ ఎక్కేవాడు. గాలికి చెట్టు కదిలినా, రాయి జారినా, తాను పంపనివారెవరో గుంటవైపు వెళ్ళారేమోననుకునేవాడు. పరుగెత్తుకుంటూ అంచుదాకా వెళ్ళి, చెవి ఒగ్గి, ఏమీ వినబడక తిరిగి వచ్చేవాడు. ఏడాదికి పైగా ఒక మనిషి ఈ భయాన్ని మోసింది. తన బదులు మోసింది. అది తలచుకున్నప్పుడు చలి ఎక్కువయ్యేది.

మూడవనాడు ఆమె పనికి పోతూ బండరాయి దగ్గర ఆగింది. చేతిలో మూత ఉన్న టీ చెంబు. దాన్ని ఆయనకు ఇవ్వలేదు గాని, ఆయనకు అందేచోట రాతి మీద పెట్టింది.

"ఇంకా ఆరలేదా?"

"లేదమ్మా."

"పడ్డాయన ఊరు నాకు తెలుసు."

మేస్త్రీ తల వంచుకున్నాడు. "చెప్పు. ఇది ముగిశాక వెళతాను."

"వెళితే ఊరుకుంటాడనుకోకు."

"అనుకోవడం లేదు."

ఆమె వేళ్ళకు రబ్బరు ముక్కలు తొడుక్కుంది. "నిన్న నాకొక చిక్కొచ్చింది," అంది. "అలవాటు ప్రకారం దణ్ణం పెట్టబోయాను. చచ్చినవాడికైతే ఏం అడగాలో తెలుసు. బతికున్నవాడికి ఏమడగాలో తోచలేదు."

"ఏమడిగావు?"

"అడగలేదు. నువ్వున్నావుగా, నువ్వే అడుక్కో అనుకున్నా."

అంటూనే చెయ్యెత్తి ఆగమంది. కిందినుంచి అడుగుల చప్పుడు. ఒక్క మనిషివి. తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ వస్తున్నాయి. మంచులో ఎవరో రాతిని చేత్తో తడిమి, ఏమీ దొరకక, కుడివైపుకు ఒక అడుగు వేశారు. మేస్త్రీ ముందుకు ఉరికి దారికి అడ్డంగా నిలబడ్డాడు. మంచులోని మనిషి బెదిరి ఆగిపోయాడు.

"ఎవరది?"

కంకర కొట్టే ఆమె మేస్త్రీవైపు చూసింది. జవాబు ఆయనకే వదిలేసింది.

"గీతలు వేసినవాణ్ణి," అన్నాడు మేస్త్రీ. "నా గొంతు వింటూ ఎడమకి రండి. ఇంకొంచెం. ఆ, అదే దారి."

ఈ కథ విన్నవారి పాదాలకు ముల్లు తగలకుండుగాక. పొగమంచులో నడిచేవారికి ఎదుట ఒక గొంతు వినబడుగాక. సగంలో విడిచిన పని ఎవరికైనా ఉంటే, దానిని వెదుకుతూ వెనుకకు నడిచే బలమును స్వామి వారికి ప్రసాదించుగాక.